ఈలజిట్ట నేర్పిన పాఠము



సంఘకాపరికి పిట్టలతో పని యేమని మీలో కొందరు అడుగవచ్చును. ఒకప్పుడు నేనును అట్లే అడిగియుందును. అయితే సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట, ఒక మెట్టచేని గట్టుమీద, పిచ్చుకంత పిట్టయు మేకలు కాయు బాలుడును కలిసి నాకొక పాఠము నేర్పిరి. వేదాంత కళాశాలలో ఎన్నో గ్రంథములు చదివినను ఆ పాఠము నాకు అబ్బలేదు. దానిని నాయొద్దనే దాచుకొనక మీకు చెప్పవలెనని ఇది వ్రాయుచున్నాను. ఇందులో నా తప్పిదము కూడ ఉన్నది. దానిని విడిచి మిగిలినది మాత్రము చెప్పుట న్యాయము కాదు.

1997వ సంవత్సరమున నేను చదువు ముగించుకొని కర్నూలు జిల్లాలోని ఒక మెట్టగ్రామమునకు కాపరిగా వెళ్లితిని. అప్పుడు నాకు ఇరువదియేడు సంవత్సరములు. ఎర్రనేల, రాతిగుట్టలు, రేగుపొదలు, తంగేడు, మధ్య మధ్య జొన్నచేలు, కొర్రచేలు, ఇవే ఆ ఊరి చుట్టునున్నవి. నా సామాను స్వల్పము. ఒక ట్రంకుపెట్టె, ఒక సైకిలు, కొన్ని వ్యాఖ్యాన గ్రంథములు, ఒక పక్షుల పుస్తకము. ఈ చివరిదానిని నా గురువులలో ఒకరు వీడ్కోలు దినమున బహుమానముగా ఇచ్చిరి. అది చిన్న పుస్తకము. పక్షికొక రంగుల బొమ్మ, బొమ్మ క్రింద నాలుగైదు వాక్యములు. ఆ పుస్తకము చేతనుండగా నాకు తెలియని పిట్ట లేదని నేను తలంచితిని.

ఒక ఆదివారమున బడిపిల్లలను వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి సృష్టిని గూర్చిన పాఠము చెప్పుచుంటిని. ఆదాము జంతువులకును పక్షులకును పేర్లు పెట్టిన సంగతి చెప్పి, "మన ఊరి పిట్టల పేర్లు మీరు చెప్పుడి" అంటిని. పిల్లలు కాకి, గోరింక, పాలపిట్ట, జెముడుకాకి అని చెప్పుచుండగా ఎదుటి చేనిలోనుండి మట్టిరంగు పిట్టయొకటి ఎగిరెను. రెక్క విప్పినప్పుడు ఇటుకరంగు మెరిసెను. నేను వెంటనే పుస్తకము తెరచి, "ఇదిగో, ఇది భరతపక్షి జాతిలోనిది. మీరు ఈలజిట్ట అనునది ఇదే" అని బొమ్మ చూపితిని.

వెనుక వరుసలో మేకలు కాయు బాలుడొకడు కూర్చుండెను. పండ్రెండేండ్లవాడు. బడికి పోయినది రెండు తరగతులే. వాడు లేచి, "అయ్యగారూ, ఈలజిట్టలు రెండు రకాలు ఉండాయి. పెద్దది వేరే, చిన్నది వేరే" అనెను.

"రెండును ఒక్కటే. ఒకటి మగది, రెండవది ఆడుది అయియుండును" అంటిని.

"కాదు అయ్యగారూ. రెండిట్లోనూ మగవి ఉండాయి, ఆడవి ఉండాయి. కూతే వేరే."

నేను పుస్తకము పైకెత్తి, "ఈ పుస్తకము వ్రాసినవారికంటె నీకు ఎక్కువ తెలియునా?" అంటిని. పిల్లలందరు నవ్విరి. నేనును నవ్వితిని. వాడు కూర్చుండి వ్రేలితో మట్టిమీద గీతలు గీయసాగెను. పాఠము ముగియువరకు తల ఎత్తలేదు.

తరువాతి ఆదివారము వాడు రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు. వాని నాయనమ్మ కూడ ఆరాధనకు రాలేదు.

ఆ దినములలో నాయొద్ద సంఘపు రిజిష్టరు ఒకటి యుండెను. నేను వచ్చిన క్రొత్తలోనే కుటుంబములను మూడు తెగలుగా విభజించి అందులో వ్రాసికొంటిని. క్రమముగా వచ్చువారు, అప్పుడప్పుడు వచ్చువారు, నిర్లక్ష్యులు. నెల గడచిన పిమ్మట ఆ బాలుని ఇంటివారి పేరును మూడవ తెగలో చేర్చితిని. ఎర్రసిరాతో వ్రాసితినని నాకు బాగుగా జ్ఞాపకమున్నది.

జూలై నెలలో మంచి వాన కురిసెను. ఒక ఉదయమున ప్రక్క ఊరిలో ప్రార్థనకు సైకిలు మీద పోవుచుండగా టైరులో గాలి పోయెను. సైకిలును నడిపించుకొని పోవుచు ఒక రేగుపొద యొద్ద నిలిచితిని. పొద కొనమీద ఈలజిట్ట కూర్చుండి కూయుచుండెను. సన్నని ఇనుపగొలుసును రాతిమీద త్వరత్వరగా లాగినట్లు ఆ కూత వినబడెను. అంతలో కొంత దూరమున అటువంటిదే మరియొక పిట్ట నేలనుండి లేచెను. కొన్ని నిలువుల ఎత్తు ఎగిరి, రెక్కలు రెండును పైకెత్తి, కాళ్లు వ్రేలాడవేసికొని, మెల్లమెల్లగా క్రిందికి దిగెను. దిగుచున్నంత సేపు పాడుచునే యుండెను. ఆ పాటలో గొలుసు చప్పుడు లేదు. మొదట చిన్న చిన్న టిక్కులు, పిమ్మట సాగదీసిన ఈల.

సైకిలు పట్టుకొని నేను అక్కడనే నిలిచిపోతిని. బాలుడు చెప్పినది నా చెవులకే వినబడెను.

ఆ సాయంకాలమే వాని ఇంటికి పోతిని. నాయనమ్మ గుమ్మములో కూర్చుండి చాట చెరుగుచుండెను. "వాడు అలిగినాడు అయ్యగారూ. అబద్ధం చెప్పినోడి మాదిరి అందురూ నవ్వినారంట. వానికి అమ్మా నాయనా లేరు. మేకలూ పిట్టలే వానికి లోకము. నేను ఒక్కదాన్నీ అంత దూరము నడిచి రాలేను" అనెను. వాని చేయి పట్టుకొని ఆమె ఆరాధనకు వచ్చుచుండెనను సంగతి నాకు అప్పటివరకు తెలియదు. ఎర్రసిరాతో వ్రాసిన ఆ అక్షరములు నా కన్నులయెదుట కనబడెను.

మరునాడు తెల్లవారకమునుపే చేనికి పోతిని. నన్ను చూచి వాడు లేచి నిలువబడెను. "తప్పు నాది. ఆ రెండు పిట్టలను నాకు చూపుదువా?" అని అడిగితిని. వాడు కొంతసేపు మేకలవైపు చూచి, "చూస్తే తెలీదు అయ్యగారూ. ఇనాల" అనెను.

మూడు ఉదయములు నేను వానియొద్ద శిష్యుడనై కూర్చుంటిని. వాని పద్ధతి ఇది. మొదటిది, నడువవద్దు, ఒక్కచోట కూర్చుండవలెను. నడచువానికి పిట్ట ఎగిరిపోవుట మాత్రమే కనబడును. రెండవది, కూత ఎక్కడ మొదలాయెనో, పొదమీదనా, నేలమీదనా, గాలిలోనా, గురుతుంచుకొనవలెను. మూడవది, అది ఎట్లు ముగిసెనో వినవలెను. నాలుగవది, ఒకసారి విని పేరు చెప్పరాదు. అదే పిట్ట మరల మరల అట్లే చేయుచున్నదా అని కనిపెట్టవలెను. పెద్ద ఈలజిట్ట ఎక్కువగా పొదమీదనో, చెట్టుకొనమీదనో, తీగమీదనో కూర్చుండి కూయును. ఎగిరినను కొద్ది ఎత్తు లేచి త్వరగా దిగును. చిన్నది పైకి లేచి రెక్కలెత్తుకొని పాడుచు దిగును. కూర్చున్నప్పుడు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినను నా కన్నులు భేదము కనిపెట్టలేకపోయెను. రెంటికిని వీపుమీద మట్టిరంగు చారలు, రొమ్మున నల్లని చుక్కలు, రెక్కలో ఇటుకరంగు. ఎగిరినప్పుడు చిన్నదాని రెక్కలో ఆ ఇటుకరంగు మరికొంత విరివిగా కనబడును. పెద్దదాని ముక్కు కొంచెము దొడ్డుగా నుండును. ఇంతే భేదము.

రూపములో ఇంత పోలికయు, పాటలో ఇంత భేదమును ఎందుకు? తరువాత గ్రంథములు చదివి దీనికి కారణము తెలిసికొంటిని. ఈ పిట్టలు నేలమీద తిరిగి, గడ్డి దుబ్బు మొదట నేలమీదనే గూడు కట్టును. పైనుండి డేగ చూచుచుండును. కనుక వాటి రంగు మన్నులో కలిసిపోవలెను. రెండును ఒకే మన్నుమీద జీవించుచున్నందున రెంటికిని ఒకే మన్నురంగు వస్త్రము. అయితే జోడును వెదకుకొనునప్పుడు ఆ రంగు ఉపయోగపడదు. ఆడుపిట్ట తన జాతివానిని పాటనుబట్టి ఎరుగును. రంగు డేగ కంటికొరకు, పాట జోడు చెవికొరకు. మేము పుస్తకము పట్టుకొని డేగవలె చూచితిమి. ఆ బాలుడు వినవలసినట్లు వినెను.

చదువుకొన్న పండితులును ఈ విషయమున తడబడిరని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగెను. ఎడ్వర్డ్ బ్లైత్ అను పండితుడు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును కనిపెట్టుకొని యుండెను. దేశము నలుమూలలనుండి వచ్చిన పక్షిచర్మములను పరీక్షించి పేర్లు పెట్టుట ఆయన పని. ఈ రెండు పిట్టలకును 1845లో శాస్త్రీయ నామములు పెట్టినది ఆయనయే. చిన్నదానికి ఎరిత్రాప్టెరా, అనగా ఎర్రరెక్కలది, అని పెట్టెను. పెద్దదానికి ఆఫినిస్, అనగా దగ్గర చుట్టము, అని పెట్టెను. ఆ కాలముననే మద్రాసు సైన్యములో వైద్యుడైన జెర్డన్ దొర మన నెల్లూరులో పనిచేసి, దక్షిణదేశపు పక్షులను ఎంతో శ్రద్ధతో పరిశీలించెను. 1862 మొదలు 1864 వరకు అచ్చయిన తన గొప్ప గ్రంథములో పక్షులకు మన పల్లెలవారు పిలుచు తెలుగు పేర్లను గూడ ఆయన వ్రాసెను. పెద్ద ఈలజిట్ట నేడు ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

అయినను తరువాతి పండితులు ఈ పెద్ద ఈలజిట్టను ఉత్తరదేశమందలి మరియొక పిట్టతో కలిపివేసిరి. మ్యూజియము సొరుగులలో రెంటి చర్మములును దాదాపు ఒకేరీతిగా నున్నవి గనుక, ఇవి ఒకే జాతిలోని రెండు శాఖలని ఎంచిరి. పెద్ద గ్రంథములలో చాలకాలము అట్లే నిలిచెను. చచ్చిన పిట్ట కూయదు గదా! పేర్ ఆల్‌స్ట్రోమ్ అను స్వీడన్ దేశపు పండితుడు ఆయా దేశములకు పోయి, బ్రదికియున్న పిట్టల పాటలను యంత్రముమీద పట్టి, వాటి ఎగురు విధమును పోల్చి చూచెను. ఒక్క జాతియని ఎంచినది నిజమునకు నాలుగు జాతులని 1998లో ఆయన ప్రకటించెను. అందులో మన పెద్ద ఈలజిట్ట ఒకటి. ఉత్తరదేశపు పిట్ట గాలిలో ఎత్తున చాలసేపు తిరుగుచు పాడును. మనది పొదమీద గొలుసు లాగును. జీవకణములలోని వారసత్వ పదార్థమును పరీక్షించినవారును పిమ్మట ఈ భేదమును బలపరచిరి. 2023లో ఈ పిట్టలున్న పెద్ద కుటుంబమును మరల శోధించి, వీటికి వేరొక వంశనామము ఉండవలెనని అదే పండితుడును ఆయన తోడివారును వ్రాసిరి. మనుష్యులు పుస్తకములలో పేర్లు మార్చుచున్నారు. పిట్ట మాత్రము తన పొదమీద తన పాటనే పాడుచున్నది.

ఇంగ్లండులో ఒక పాదిరిగారు ఇంతకుమునుపే ఈ మార్గమున నడచిరి. గిల్బర్ట్ వైట్ అను ఆయన సెల్బోర్న్ అను చిన్న పల్లెలో సేవ చేయుచు, తన పేటలోని పక్షులను దినదినము కనిపెట్టుచుండెను. ఆకుల మధ్య తిరుగు పసుపుపచ్చ చిన్నపిట్ట అక్కడ ఒకటి కలదు. అది యంతయు ఒకే జాతియని అప్పటివారు అనేకులు తలంచిరి. ఆయన చెవి మూడు వేర్వేరు పాటలను కనిపెట్టెను. 1768లో తన స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో అవి మూడు జాతులని ఆయన రూఢిగా తెలియజేసెను. చెవితో ఆగిపోక వాటిని చేతపట్టి కూడ చూచెను. పరిమాణములో మూడు మెట్లు కనబడెను. అన్నిటిలో చిన్నదాని కాళ్లు నల్లనివి, మిగిలినవాటి కాళ్లు మాంసపురంగువి. మొదట వినినందున తరువాత చూడగలిగెను. ఆయన ఉత్తరములు 1789లో గ్రంథముగా వచ్చి నేటికిని చదువబడుచున్నవి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. చెవినైనను గ్రుడ్డిగా నమ్మరాదు. మన మెట్టలలోనే తలమీద కుచ్చు గల భరతపక్షి యొకటి ఇతర పక్షుల కూతలను చక్కగా అనుకరించును. ఒక్క కూత విని పేరు పెట్టువాడు మోసపోవును. అందుకే ఆ బాలుడు మరల మరల వినుమనెను. పాట, చోటు, ఎగురు విధము, రూపము, ఈ నాలుగును ఏకమై సాక్ష్యము చెప్పినప్పుడే పేరు పెట్టవలెను.

నాలుగవ ఉదయము ఆదివారము. ఏ వేపచెట్టు క్రింద ఆ బాలుని నవ్వులపాలు చేసితినో అక్కడనే పిల్లలయెదుట నిలిచి, "ఈలజిట్టలు రెండు జాతులు. ఇతడు చెప్పినది నిజము, నేను చెప్పినది తప్పు. నేను నవ్వినందుకు ఇతడు నన్ను క్షమింపవలెను" అంటిని. సంఘపెద్దలలో ఒకరికి ఇది నచ్చలేదు. పిల్లవాని ముందర అయ్యగారు తగ్గుట మర్యాద కాదని ఆయన అభిప్రాయము. ఆ బాలుడైతే సిగ్గుతో నవ్వి, "సరే అయ్యగారూ" అని మాత్రము అనెను. వాని ప్రక్కనే నాయనమ్మ కూర్చుండియుండెను.

ఆ రాత్రి లాంతరు దగ్గర రిజిష్టరు తెరచితిని. నిర్లక్ష్యులు అను తెగలో పదునొకండు కుటుంబములు ఉండెను. ప్రసంగపీఠము మీదనుండి చూచినప్పుడు రాకున్నవారందరు ఒకే రంగుగా కనబడుదురు. ఖాళీ చాప ఖాళీ చాపయే గదా! బాలుని పద్ధతిని ఇక్కడను అనుసరింతునని తీర్మానించుకొంటిని. ప్రతి ఇంటికి పోయి, బోధింపక, గద్దింపక, కూర్చుండి వింటిని. ఒక విధవరాలికి కూలికి కట్టుకొనిపోవు చీర తప్ప మరియొకటి లేదు. ఒకడు సంవత్సరపు జీతమునకు కుదిరినవాడు, ఆదివారమున కూడ ఎద్దులను విడిచి రాలేడు. ఇద్దరు అన్నదమ్ములు గట్టుతగవువలన ఒకరి ముఖము ఒకరు చూడలేక రాకుండిరి. ఒక తల్లి బిడ్డను పోగొట్టుకొని దేవునితో మాటలాడుట మానుకొనెను. ఆమె యింట నేను ఏమియు మాటలాడలేక ఏడ్చి వచ్చితిని. ఒక్కసారి పోయినందున ఇవి తెలియలేదు. కొందరు మూడవసారి పోయినప్పుడు గాని నోరు తెరువలేదు. నిజముగా నిర్లక్ష్యముగా నున్నవి రెండు కుటుంబములే. వారును ఆ మాటను దాచక నవ్వుచు ఒప్పుకొనిరి.

నేను ఆ తెగను కొట్టివేసి, ప్రతి పేరునకు ఎదురుగా ఆ ఇంటివారు చెప్పిన మాటను వ్రాసితిని. అటుతరువాత ఎన్ని సంఘములకు మారినను మనుష్యులను తెగలుగా వ్రాయు అలవాటును మానివేసితిని. మంచి కాపరి తన మందను ఒక్కొక్కదాని పేరుతో ఎరుగునని మనము బోధింతుము. పేరుతో ఎరుగవలెనంటే మొదట దాని స్వరము వినవలెను గదా!

గత సంవత్సరము జూన్ నెలలో ఒక పెండ్లికి ఆ ఊరికి మరల పోతిని. మేకలు కాచిన ఆ బాలుడు నేడు నలువది యేండ్లవాడు. ఆటో నడుపుకొని జీవించుచున్నాడు. నాయనమ్మ ప్రభువునందు నిద్రించినది. మేకలు లేవు. మా పాత గట్టు మాత్రము ఉన్నది. తెల్లవారుజామున అతడు తన చిన్నకుమార్తెను వెంటబెట్టుకొని నన్ను అక్కడికి తీసికొనిపోయెను. ముగ్గురమును కూర్చుంటిమి. కొంతసేపటికి అతడు చేయి ఎత్తి, "అయ్యగారూ, అదిగో, కూస్తాంది" అనెను.

నాకేమియు వినబడలేదు. గాలి వినబడెను, దూరమున ట్రాక్టరు వినబడెను. పిట్ట మాత్రము వినబడలేదు. వయస్సు మీరినకొలది సన్నని హెచ్చుస్వరములు మొదట చెవికి దూరమగునని వైద్యుడు నాకు చెప్పియుండెను. ఆ దినమున అది నాకు బాగుగా తెలిసివచ్చెను. నేలనుండి ఒక మట్టిరంగు పిట్ట లేచుట చూచితిని. పైన రెక్కలెత్తి, కాళ్లు వ్రేలాడవేసి, దాని ముక్కు తెరచుకొని మూసికొనుచుండగా మెల్లగా దిగెను.

"ఏ ఈలజిట్ట?" అని ఆ చిన్నదానిని అడిగితిని.

"చిన్న ఈలజిట్ట, తాతయ్యా. మీకు ఇనపడలేదా?" అనెను.

"లేదమ్మా. నీవు విని చెప్పుము" అంటిని. అది నాయొద్దకు జరిగి, నా చేయి పట్టుకొని, పిట్ట కూసినప్పుడెల్లను మెల్లగా నొక్కుచుండెను. మొదట త్వరత్వరగా చిన్న చిన్న నొక్కులు, తరువాత పొడుగైనవి.

ప్రియులారా, మీ చేల గట్టులమీద ఈ పిట్టలు నేడును పాడుచున్నవి. వానలు పడిన పిమ్మట ఒక ఉదయమున పోయి కూర్చుండి వినుడి. మీ పిల్లలు మీకు తెలియనిది చెప్పినయెడల నవ్వకుడి. ఆరాధనలో మీ ప్రక్కన ఖాళీగా నున్న స్థలము ఎవరిదో జ్ఞాపకము చేసికొని, ఈ వారమే వారి గుమ్మములో ఒక గడియ కూర్చుండి వారు చెప్పునది వినుడి. పిచ్చుకను సహితము మరువని తండ్రి మనందరికి వినగల చెవులను అనుగ్రహించును గాక. ఆమేన్.